పాత స్వెటర్ విప్పిన ఊలు, ‘రీసైకిల్డ్’ ఊలు: రెండూ ఒకటేనా?

ఊలు ఉండలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో ఇప్పుడు ‘రీసైకిల్డ్’ అనే మాట బాగా కనిపిస్తోంది. ఒక ఉండ మీద ఆకు బొమ్మ ఉంటుంది. ఇంకోదాని మీద ప్లాస్టిక్ సీసా, మరోదాని మీద పట్టుచీర. ఇక ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు వేరు: పిల్లాడికి పొట్టిదైపోయిన స్వెటర్‌ని విప్పి, ఆ దారంతోనే ఇంకొకటి అల్లడం. వీటన్నిటినీ కలిపి ‘పాత నూలు మళ్లీ వాడటం’ అనేస్తున్నారు. పర్యావరణానికి మేలనే మాట కూడా అన్నిటికీ ఒకేలా తగిలిస్తున్నారు.

ఈ మాటలు ఇప్పుడు చట్టాల్లోకీ వచ్చాయి. వాడేసిన బట్టలను మిగతా చెత్తతో కలపకుండా విడిగా సేకరించాలన్న నియమం యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ మీద, అంటే ఆధారం లేకుండా పర్యావరణానికి మేలని చెప్పుకోవడం మీద మార్గదర్శకాలు తెచ్చింది. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘సస్టైనబుల్’ లాంటి మాటలు వాడే కంపెనీ వాటికి ఆధారం చూపాలి. అలాంటప్పుడు చేతిలో ఉన్న ఉండ ఎక్కడినుంచి వచ్చింది, ఎన్ని చేతులు మారింది, దానివల్ల నిజంగా ఏం మిగిలింది అని అడగడం చాదస్తమేమీ కాదు.

## వెనక్కి ఎన్ని అడుగులు?

ఏ బట్టకైనా మొదట పీచు ఉండాలి. అది గొర్రె ఉన్ని కావచ్చు, దూది కావచ్చు, పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్ పోగు కావచ్చు. ఆ పీచును ఏకి, సాగదీసి, పురి పెడితే నూలు. నూలును మగ్గం మీద పడుగూ పేకలుగా నేసినా, సూదుల మీద గొలుసులుగా అల్లినా బట్ట.

పాతదాన్ని మళ్లీ వాడటమంటే ఈ దారిలో వెనక్కి నడవడమే. ఎంత దూరం నడిచామన్న దాన్నిబట్టి పేరు మారుతుంది. అన్న స్వెటర్ తమ్ముడు వేసుకుంటే అసలు వెనక్కి వెళ్లినట్టే కాదు. దాన్ని పునర్వినియోగం అంటారు. స్వెటర్ విప్పి దారం తీస్తే ఒక అడుగు వెనక్కి, నూలు దాకా. యంత్రంలో వేసి చీల్చి మళ్లీ పీచు చేస్తే రెండు అడుగులు. ఇది యాంత్రిక రీసైక్లింగ్. రసాయనాలతో కరిగించి పీచును కూడా దాని మూల పదార్థంగా మార్చేస్తే మూడు అడుగులు, అంటే రసాయన రీసైక్లింగ్. వెనక్కి వేసిన ప్రతి అడుగునూ తిరిగి ముందుకు వేయాలి. అందుకు కరెంటు, నీరు, కూలి కావాలి. దారిలో కొంత సరుకు పోతుంది కూడా.

యూరోపియన్ చెత్త చట్టంలో ఒక వరస ఉంది: మొదట చెత్త పుట్టకుండా చూడటం, తర్వాత పునర్వినియోగం, ఆ తర్వాత రీసైక్లింగ్, చివరికి కాల్చడం, పూడ్చడం. ఇంట్లో స్వెటర్ విప్పడం ఈ వరసలో రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఎక్కడో పడుతుంది. చట్టం రాసినవాళ్ల మనసులో సూదులు పట్టుకుని కూర్చున్న మనిషి ఉన్నట్టు లేదు.

ఇంకో తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకరు తొడుక్కుని వదిలేసిన బట్ట ‘వాడిన తర్వాతి వ్యర్థం’. తిరుపూర్‌లో బనియన్లు, టీషర్టులు కత్తిరించగా పడ్డ కొత్త ముక్కలు ‘వాడకానికి ముందు వ్యర్థం’. రెండింటినుంచి తీసిన నూలునూ రీసైకిల్డ్ అనే అమ్ముతారు. మొదటిది ఎవరి బీరువాలోంచో వచ్చింది. రెండోది ఫ్యాక్టరీ నేల మీంచి వచ్చింది, దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

## అల్లిక విప్పుకుంటుంది, నేత విప్పుకోదు

నేసిన బట్టలో వందలాది పడుగు పోగుల మీదుగా పేక అటూ ఇటూ పోతుంది. చీర అంచు పట్టుకుని లాగితే రెండు మూడు పోగులు ఊడతాయేమో గానీ, మళ్లీ నేయడానికి పనికొచ్చేంత దారం రాదు. మన ఇళ్లలో పాత చీరలు బొంతలయ్యాయి, మసిగుడ్డలయ్యాయి, స్టీలు సామాన్లవాడి మూటలోకి వెళ్లాయి. తిరిగి నూలు మాత్రం కాలేదు. అందుకు కారణం ఇదే.

అల్లిక సంగతి వేరు. ఒకే దారం ఒక వరసలో గొలుసులు కడుతుంది. పై వరస గొలుసులు కింది వరస గొలుసుల్లోంచి దూరి వాటిని పట్టి ఉంచుతాయి. ఆఖరి వరసను ముగించిన ముడి ఒక్కటి విప్పితే దాన్ని పట్టి ఉంచేది ఇంకేమీ లేదు. చివర పట్టుకుని లాగుతుంటే వరస తర్వాత వరస సర్రున ఊడి వస్తుంది. అయితే అల్లడం ముగించిన వైపు నుంచే అలా వస్తుంది. మొదలుపెట్టిన వైపు నుంచి లాగితే ప్రతి వరస దగ్గరా దారం చిక్కుకుంటుంది.

క్రోషెలో ఇంకా సులువు. అక్కడ ఏ క్షణంలోనైనా కొక్కెం మీద సాధారణంగా ఒక్క గొలుసే ఉంటుంది. దాన్ని వదిలితే చాలు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు ఈ కొక్కెం అల్లికే. పువ్వు వంకర పోతే కత్తెర అక్కర్లేదు. ఊడదీసి, అదే దారంతో మళ్లీ అల్లుతారు.

అలాగని అల్లిన ప్రతిదీ విప్పుకోదు. వేడినీళ్లలో ఉతికి ఉతికి గట్టిపడ్డ ఉన్ని స్వెటర్‌లో పీచు మీది సూక్ష్మమైన పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. అక్కడ దారమంటూ వేరుగా మిగలదు. మేక వెంట్రుకతో చేసే, నూగు ఎక్కువగా ఉండే మోహైర్ రకాలు అడుగడుగునా చిక్కుపడతాయి. టీషర్టు కూడా నిజానికి అల్లికే, కానీ అందులో దారం మరీ సన్నం. చేతి సూదులకు పనికిరాదు.

## అతుకు దగ్గర తేలే సంగతి

దుకాణంలో కొన్న స్వెటర్‌ని విప్పొచ్చో లేదో తెలియాలంటే లోపలివైపు పక్క కుట్టు చూడాలి. అక్కడ రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకంలో ముందు భాగం, వెనుక భాగం, చేతులు విడివిడిగా, ఆకారానికి తగ్గట్టే అల్లి, అంచులను గొలుసుకుట్టుతో కలుపుతారు. ఆ కుట్టు ఊడదీస్తే నాలుగు నిండు ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కలో దారం తెగకుండా ఉంటుంది. రెండో రకంలో మీటర్ల కొద్దీ అల్లిక బట్టను ముందే తయారు చేసుకుని, దర్జీ గుడ్డ కత్తిరించినట్టే కత్తిరించి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు వేస్తారు. అలా చేస్తే ప్రతి వరసా రెండు చివరలా తెగిపోయి ఉంటుంది.

ఆ తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. మామూలు సాదా అల్లికలో ఒక వరసకు పట్టే దారం ఆ వరస వెడల్పుకు సుమారు మూడు రెట్లు. స్వెటర్ వెనుక భాగం వెడల్పు 50 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో వరసలో మీటరున్నర దారం ఉంటుంది. స్వెటర్ మొత్తం బరువు 400 గ్రాములు, 100 గ్రాములకు 220 మీటర్లు వచ్చే మందం అనుకుంటే అందులో మొత్తం దారం 880 మీటర్లు. గొలుసుకుట్టు స్వెటర్ అయితే అది నాలుగైదు పెద్ద ఉండలుగా వస్తుంది. ఓవర్‌లాక్ చేసినదైతే మీటరున్నర చొప్పున దాదాపు 590 ముక్కలు. వాటిని ముడేసి స్వెటర్ అల్లే ఓపిక ఎవరికీ ఉండదు. చేతులు, మెడ దగ్గర ముక్కలు ఇంకా పొట్టివి.

చవక స్వెటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. కాబట్టి ‘పాత స్వెటర్లన్నీ విప్పేసుకుంటే సరిపోతుంది’ అనే వాదన మొదటి మెట్టులోనే తడబడుతుంది. విప్పగలిగేలా తయారైనవే కొన్ని.

## వంకర తీరిన దారం

విప్పిన ఊలు పీచుపీచుగా, నూడుల్స్‌లా మెలికలు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే గొలుసులు ఎగుడుదిగుడుగా వస్తాయి. అందుకే చిలపలు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ప్రభుత్వం జనానికి చెప్పిన పద్ధతీ ఇదే. అక్కడ 1941 జూన్ 1న మొదలైన బట్టల రేషన్ 1949 మార్చి దాకా సాగింది. అల్లిక ఊలుకు కూడా కూపన్లు ఇవ్వాల్సి వచ్చేది. పాత స్వెటర్‌లోంచి తీసిన దారానికి కూపన్ అక్కర్లేదు.

నీళ్లు చేసే పని ఉన్ని రసాయనంలో ఉంది. ఉన్ని, మన జుట్టు రెండూ కెరటిన్ అనే ప్రొటీనే. ఆ ప్రొటీన్ గొలుసుల మధ్య బలహీనమైన హైడ్రోజన్ బంధాలుంటాయి. నెలల తరబడి గొలుసు ఆకారంలో ఉన్న దారం ఆ ఆకారాన్ని ఈ బంధాల్లోనే దాచుకుంటుంది. తడిసినప్పుడు అవి విడిపోతాయి, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ కలుస్తాయి. ఇస్త్రీ చేయించుకున్న జుట్టు వానలో తడిస్తే పాత వంకీలు తిరిగొచ్చేది ఇందుకే.

అక్రిలిక్‌కు ఈ గుణం లేదు. అది పెట్రోలియం నుంచి వచ్చిన ప్లాస్టిక్ పోగు. ఆకారం వేడితో కుదురుతుంది, చల్లటి నీటితో కాదు. ఆవిరి పట్టిస్తే మెలికలు కొంత పోతాయి, ఎక్కువైతే దారం బిగువు కోల్పోయి వేలాడిపోతుంది. మన ఊళ్లలో ‘ఊలు’ అని అమ్మే దారంలో చాలా భాగం లూధియానా వైపు నుంచి వచ్చే అక్రిలిక్కే గనుక, ఈ తేడా మనకు బాగా పనికొచ్చేది. అనుమానం వస్తే చిన్న ముక్కకు నిప్పంటించి చూడటం పాత పరీక్ష. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. పత్తి కాగితంలా కాలుతుంది. మిశ్రమ దారమైతే ఈ గుర్తులు కలగలిసిపోయి పరీక్ష అయోమయంలో పడేస్తుంది.

విప్పిన దారానికి లేబుల్ ఉండదు గనుక దాని మందాన్ని తూకంతో కనుక్కుంటారు. 20 మీటర్లు కొలిచి తూస్తే 9 గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే 100 గ్రాములకు 222 మీటర్లు. గుండీలు, జిప్పు తీసేశాక స్వెటర్ 380 గ్రాములు ఉంటే, మోచేతుల దగ్గర అరిగినది, తెగినది కలిపి పదోవంతు పోయినా 342 గ్రాములు మిగులుతాయి. అది సుమారు 760 మీటర్లు. నాలుగేళ్ల పిల్లకు స్వెటర్ అల్లి, టోపీకి కూడా సరిపోతుంది. పెద్దవాళ్ల స్వెటర్ ఒకటి విప్పితే పెద్దవాళ్ల స్వెటరే ఇంకొకటి వస్తుందనుకుంటే మాత్రం చివర్లో చెయ్యి పొట్టిగా మిగిలే ప్రమాదం ఉంది. పాత దారానికి జోడు రంగు బజారులో దొరకదు. చారల స్వెటర్లు అంత ఎక్కువగా కనిపించడంలో ఈ ఇబ్బందికీ వాటా ఉందని నా అనుమానం.

## విప్పలేనివి పానీపత్ చేరతాయి

ఢిల్లీకి ఉత్తరాన 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న పానీపత్‌ని చరిత్ర పుస్తకాల్లో యుద్ధాల కోసం చదువుకున్నాం. బట్టల వ్యాపారంలో ఆ ఊరి పేరు వేరే కారణంతో వినిపిస్తుంది. ప్రపంచం వదిలేసిన ఉన్ని బట్టలు అక్కడ మళ్లీ నూలవుతాయి. అమెరికా, యూరప్ దేశాల పాత స్వెటర్లు, కోట్లు బేళ్లుగా కాండ్లా లాంటి రేవుల్లో దిగుతాయి. వాటిని అలాగే అమ్మితే ఇక్కడి బట్టల వ్యాపారానికి దెబ్బ. అందుకే తొడుక్కోవడానికి వీల్లేకుండా కోసిన గుడ్డలుగానే తెచ్చుకోవాలన్నది నియమం.

పానీపత్‌లో మొదటి పని రంగులు వేరు చేయడం. ఎరుపులన్నీ ఒక కుప్ప, నీలాలన్నీ ఇంకో కుప్ప. ఆడవాళ్లు నేలకు నిలువుగా అమర్చిన బ్లేడు మీద గుండీలు, జిప్పులు, అస్తరు, లేబుళ్లు కోసి తీసేస్తారు. తర్వాత ముళ్లున్న ఉరుళ్లు తిరిగే యంత్రంలో గుడ్డ చీలి పీచవుతుంది. దాన్ని ఏకి, వడికి, దుప్పట్లు నేస్తారు. రంగుల వారీగా ముందే వేరు చేశారు కాబట్టి మళ్లీ అద్దకం అవసరం ఉండదు. నీటిని ఎక్కువగా ఖర్చు చేసి, ఎక్కువగా పాడు చేసే దశ అద్దకం. అది తప్పిపోవడమే ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం. వరదలు, భూకంపాలప్పుడు సహాయ సంస్థలు పంచే ముదురు రంగు దుప్పట్లలో చాలావాటికి పుట్టిల్లు ఇదే.

ఈ విద్య పానీపత్‌లో పుట్టలేదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బాట్లీ అనే ఊళ్లో బెంజమిన్ లా 1813లో పాత ఉన్ని గుడ్డలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికే పద్ధతి కనిపెట్టాడని చెబుతారు. ఆ సరుకుకు షాడీ అని పేరు. పత్తి కలిసిన గుడ్డలొస్తే ఆమ్లంతో పత్తిని పెళుసు చేసి దులిపేసే పద్ధతి తర్వాత వచ్చింది. దులపగా మిగిలిన ఉన్ని దుమ్ములో నత్రజని ఎక్కువ. ఆ చుట్టుపక్కల రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క పండించే రైతులు దాన్ని పొలాలకు ఎరువుగా వేసేవారు. ఇటలీలో ప్రాటో పట్టణం కూడా 19వ శతాబ్దం నుంచి ఇదే పని చేస్తోంది. ఒకే పద్ధతి అయినా పానీపత్ నుంచి ఎక్కువగా చవక దుప్పటి వచ్చింది, ప్రాటో నుంచి ఫ్యాషన్ దుకాణాల కోటు బట్ట. గుడ్డలను ఎంత జాగ్రత్తగా వేరు చేస్తారు, ఎవరికి అమ్ముతారు అన్నదాన్నిబట్టి ఈ తేడా వస్తుంది.

పానీపత్ కథకు ఇంకో పక్క కూడా ఉంది. చీల్చే గదుల్లో పీచు దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రీసైకిల్డ్ పత్తి నూలును తెల్లబరిచే బ్లీచింగ్ యూనిట్ల మురుగు సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పైగా, కొత్త పాలిస్టర్‌తో చేసే మెత్తటి, తేలికైన ఫ్లీస్ దుప్పట్లు రావడంతో షాడీ మిల్లులు చాలా దెబ్బతిన్నాయి. పాతదాని నుంచి చేసిన దుప్పటి కంటే పెట్రోలియం నుంచి కొత్తగా చేసినదే జనానికి నచ్చింది.

## పీచు పొట్టిదైతే ఏమవుతుంది

విప్పడానికీ చీల్చడానికీ అసలు తేడా పీచు పొడవులో ఉంది. నూలుకు బలం పురి వల్ల వస్తుంది. పురి తిరిగినప్పుడు పక్కపక్క పీచులు ఒకదాన్నొకటి ఒరుసుకుని జారకుండా నిలుస్తాయి. పీచు ఎంత పొడుగైతే పట్టు అంత ఎక్కువ. స్వెటర్ విప్పినప్పుడు ఆ పీచు పొడవుకు ఏమీ కాదు. చీల్చే యంత్రంలో ముళ్లు పీచును లాగి తెంపుతాయి. పొట్టి పీచుతో వడికిన నూలు తేలిగ్గా తెగుతుంది, బట్ట మీద ఉండలు కడుతుంది. అందుకే అందులో కొంత కొత్త ఉన్నినో నైలాన్‌నో పాలిస్టర్‌నో కలుపుతారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఉన్ని, నైలాన్ కలిసిపోయిన నూలును తర్వాత ఎవరూ తేలిగ్గా విడదీయలేరు. ఈసారి బతికించడానికి చేసిన మిశ్రమమే మరోసారి బతకకుండా అడ్డుపడుతుంది. బట్టల తయారీకి వాడే ముడిసరుకులో తిరిగి బట్టగా మారేది 1 శాతం కంటే తక్కువని ఎలెన్ మాకార్థర్ ఫౌండేషన్ 2017 నివేదిక లెక్కగట్టింది. సేకరణ లేకపోవడం దానికి ఒక కారణమైతే, ఈ మిశ్రమాలు ఇంకో కారణం.

## సీసా నూలు, చీర నూలు

‘రీసైకిల్డ్ పాలిస్టర్’ అని ఉన్న ఉండలో పాత బట్ట ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ పాలిస్టర్‌లో దాదాపు అంతా తాగి పడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి వస్తుంది. సీసాలను కడిగి, తునకలు చేసి, కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి పోగులుగా లాగుతారు. దీని మీద వాదన గట్టిగానే నడుస్తోంది. సీసాను మళ్లీ సీసాగా చేయొచ్చు, ఆ చక్రం చాలాసార్లు తిరుగుతుంది. స్వెటర్‌గా మారిస్తే అది చెత్తకుప్పకు పోయే దారిలో ఎక్కినట్టే అని కొందరంటారు. ముడి చమురు నుంచి కొత్త పాలిస్టర్ చేయడం కంటే దీనికి శక్తి తక్కువ పడుతుందన్నది అవతలి వాదన. రెండూ నిజాలే. సీసాలు సీసాలుగా మారే ఏర్పాటు ఉన్న చోట మొదటి వాదనకు బలం ఎక్కువ, సీసాలు కాలవల్లో తేలే చోట రెండోదానికి.

‘రీసైకిల్డ్ చీర పట్టు’ నూలు విదేశాల్లో అల్లేవాళ్లకు బాగా ఇష్టం. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు కూడా దుకాణంలో దాన్ని చూసి ఇదెవరి చీరా అని ఆశ్చర్యపోతుంటారు. పాత చీరలను పట్టీలుగా చింపి అమ్మే రిబ్బను రకం ఒకటి నిజంగానే ఉంది. పురిపెట్టి వడికిన రంగురంగుల పట్టు నూలు మాత్రం చాలావరకు మగ్గాల దగ్గర మిగిలిన పోగులు, మిల్లు వ్యర్థాల నుంచి వచ్చినదే. వ్యర్థం వృథా కాలేదు, అది మంచిదే. ఎవరో కట్టుకున్న చీర అన్న కథ మాత్రం ఎక్కువసార్లు నిలవదు.

## లేబుల్ మీద అంకె ఎలా చదవాలి

రీసైకిల్డ్ సరుకుకు ఎక్కువగా కనిపించే ముద్రలు రెండు, జీఆర్‌ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్), ఆర్‌సీఎస్ (రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్). రెండింటినీ టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ నిర్వహిస్తోంది. సరుకు చేతులు మారిన ప్రతిచోటా కాగితాలు సరిచూడాలన్నది రెండింటికీ ఉమ్మడి నియమం. జీఆర్‌ఎస్ దాంతోపాటు కూలీల పరిస్థితులు, మురుగు, రసాయనాల మీద కూడా షరతులు పెడుతుంది. ఆర్‌సీఎస్ చూసేది రీసైకిల్డ్ సరుకు ఎంత ఉందన్నది మాత్రమే.

ఇక అంకెలు. వస్తువు మీద జీఆర్‌ఎస్ ముద్ర వేయాలంటే కనీసం 50 శాతం రీసైకిల్డ్ పీచు ఉండాలి. ఆర్‌సీఎస్‌కు 5 శాతం చాలు. 95 శాతం, ఆపైన ఉంటే ఆర్‌సీఎస్ 100 అనీ, అంతకు తక్కువైతే ఆర్‌సీఎస్ బ్లెండెడ్ అనీ రాస్తారు. అంటే వంద గ్రాముల బ్లెండెడ్ ఉండలో 5 గ్రాములే రీసైకిల్డ్ అయి, మిగతా 95 గ్రాములు కొత్త అక్రిలిక్ అయినా ముద్ర తప్పు కాదు. పక్కనున్న శాతం చదవకపోతే అది కొన్నవాళ్ల పొరపాటే అవుతుంది. ఈ ముద్రలు రెండూ ఫ్యాక్టరీ ముక్కలను, వాడిన బట్టలను కలిపే లెక్కిస్తాయి.

## మేలు ఎంత అన్నది దేనితో పోల్చి చెబుతున్నారు?

పాత ఊలు వాడితే ‘ఇంత కార్బన్ మిగిలింది’ అనే లెక్కల్లో రెండు ఊహలు దాగి ఉంటాయి. మొదటిది, ఆ ఊలు లేకపోతే కొత్త ఊలు కొనేవారన్నది. దీన్ని నిపుణులు భర్తీ రేటు అంటారు. పురుగు కొట్టిన స్వెటర్ విప్పి పిల్లకు స్వెటర్ అల్లి, దుకాణంలో కొనబోయే 200 గ్రాముల కొత్త ఊలు మానేశారంటే భర్తీ పూర్తిగా జరిగింది. ఇంకా పదేళ్లు తొడుక్కోగల మంచి స్వెటర్‌ని దారం రంగు నచ్చి విప్పేస్తే లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే దాన్ని వేసుకోవాల్సిన మనిషి ఎక్కడో కొత్తది కొనుక్కుంటాడు. రీసైకిల్డ్ అని ఉంది గదా అని నాలుగు ఉండలు అదనంగా కొని బీరువాలో పెడితే భర్తీ ఏమీ జరగలేదు. అల్లేవాళ్ల ఇళ్లలో ఆ బీరువా ఎలా ఉంటుందో అల్లేవాళ్లకు చెప్పక్కర్లేదు.

రెండో ఊహ గొర్రె గురించి. కొత్త ఉన్ని కార్బన్ లెక్కలో పెద్ద భాగం గొర్రెలు వదిలే మీథేన్. రీసైకిల్డ్ ఉన్ని లెక్క వేసేటప్పుడు సాధారణంగా ఆ మీథేన్ మొత్తాన్నీ మొదట వాడిన మనిషి ఖాతాలో వేసి, పాత గుడ్డను సున్నా దగ్గర మొదలుపెడతారు. రీసైకిల్డ్ ఉన్ని అంత పరిశుభ్రంగా కనిపించడానికి ఇదొక కారణం. గుడ్డకు ధర పలుకుతున్నప్పుడు రెండో వాడకందారు కూడా కొంత భారం మోయాలి గదా అని వాదించేవాళ్లున్నారు. ఈ భారాన్ని ఎవరి ఖాతాలో వేసినా గాలిలో ఉన్న మీథేన్ మారదు. మారేది లేబుల్ మీద అంకె.

అక్రిలిక్ విషయంలో వాదన ఇంకో దారి పడుతుంది. ప్లైమౌత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒకసారి వాషింగ్ మెషీన్‌లో ఉతికితే 7 లక్షలకు పైగా సూక్ష్మ పోగులు నీళ్లలోకి పోవచ్చు. పాలిస్టర్‌కు అది 5 లక్షలకు దగ్గర, పాలిస్టర్ కలిసిన పత్తికి 1.4 లక్షల లోపు. దీన్ని చూపించి, పాత అక్రిలిక్‌ని మళ్లీ అల్లడమంటే కాలుష్యాన్ని పొడిగించడమే అంటారు కొందరు. పారేసినంత మాత్రాన అది మాయమవదు గదా, అల్లకపోతే ఇంకో కొత్త అక్రిలిక్ కొంటారు గదా అంటారు మరికొందరు. ఇక్కడ నాకు రెండోవారి మాటే సబబుగా తోస్తుంది, ఒక షరతుతో: ఆ దారంతో అల్లేది తరచూ ఉతికే పిల్లల చొక్కా కాకుండా, ఏడాదికోసారి ఉతికే దుప్పటో కుర్చీ మీది పరుపు గలీబో అయితే.

## కొత్తదే అయినా ఎవరూ అడగని ఉన్ని

ఈ చర్చలో ‘కొత్త ఉన్ని’ అంటే దాదాపు ఎప్పుడూ ఆస్ట్రేలియా మెరినో గొర్రెల మెత్తటి ఉన్ని మాటే. మనకు దగ్గర్లో ఇంకో ఉన్ని ఉంది. తెలంగాణలో, దక్కన్ పీఠభూమిలో పెరిగే దక్కనీ గొర్రె నల్లటి ముతక ఉన్ని ఇస్తుంది. దాన్ని కత్తిరించి, వడికి, గుంత మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తే గొంగడి. కురుమల ఇళ్లలో తరాలుగా సాగిన పని అది. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకం గొర్రెలు పెరిగాయి, గొంగడి కప్పుకునేవాళ్లు తగ్గారు. దాంతో ఉన్న కొద్దిపాటి దక్కనీ ఉన్నికి కూడా సరైన ధర లేదు. కత్తిరింపు కూలి కూడా రాక, పారేసే సందర్భాలూ ఉన్నాయి.

కార్బన్ లెక్కలు కట్టేవాళ్లు గొర్రె మీథేన్‌ని మాంసానికీ ఉన్నికీ మధ్య పంచేటప్పుడు వాడే పద్ధతుల్లో ఒకటి, దేనికెంత ధర పలికితే దానికంత భారం వేయడం. ఆ పద్ధతిలో మెరినో ఉన్ని మీద పెద్ద వాటా పడుతుంది. ధరే లేని దక్కనీ ఉన్ని మీద పడేది దాదాపు ఏమీ ఉండదు, అది ఏ ముద్రా లేని కొత్త ఉన్ని అయినా సరే. ఒంటికి తగిలేలా తొడుక్కుంటే గుచ్చుకునేంత ముతక అది. అందుకని స్వెటర్‌గా పనికిరాదు. సంచులు, చాపలు, లావు సూదులతో అల్లే గోడ తెరలకు పనికొస్తుంది. పానీపత్ నుంచి వచ్చిన ఉండ ముతకదైతే అదీ ఆ పనులకే పోతుంది.